నెత్తిమీది కళ్ళద్దాలు

“మీరు కాసేపు బయట ఉంటారా మేడమ్?”

శిక్షణ మొదలైన రోజే, చీకటిగదిలో మైక్రోస్కోపు ముందు కూర్చుని ఆ మనిషి అడిగిన మాటకి మేడమ్‌కి ఒళ్ళు మండింది. కుక్క మెదడులో రేబిస్ ఉందో లేదో చెప్పడంలో చుట్టుపక్కల ఎక్కడా ఆమెకి సాటి లేరు. ఆ గది ఆమెది. ఆ మైక్రోస్కోపు ఆమె పైవాళ్ళతో పోట్లాడి తెప్పించుకున్నది. నేర్చుకోవడానికి వచ్చినవాళ్ళు నేర్పేవాళ్ళని గదిలోంచి పొమ్మనడం ఆమె ఇదివరకెన్నడూ వినలేదు.

“ఏం, నేనుంటే స్లైడు సిగ్గుపడుతుందా?” అంది.

పక్కన నిలబడ్డ కుర్ర టెక్నీషియన్ కిసుక్కున నవ్వాడు. అడిగిన మనిషి స్టూలు గోడవైపుకి జరుపుకుని కంటిగొట్టాలకి కళ్ళు ఆనించింది. ఆనించి అలాగే ఉండిపోయింది. మేడమ్ గడియారం చూసుకుంది, గొంతు సవరించుకుంది, చివరికి “ఇది నగల కొట్టు కాదమ్మా, అన్నీ తిరగేసి చూసి బేరమాడ్డానికి” అంది.

ఎవరికో ఒకరికి పేరు పెట్టకపోతే మేడమ్‌కి తోచదు. ఆ సాయంత్రానికే ఆ మనిషి పేరు ‘నింపాది’ అయిపోయింది. కుర్రాడి పేరు ‘మెరుపు’. ఇద్దరూ రెండు దూరపు ఊళ్ళ నుంచి వచ్చారు. ఆ ఊళ్ళలో కొత్తగా ల్యాబులు తెరుస్తారట. ఈ శిక్షణలో నెగ్గినవాళ్ళు తిరిగి వెళ్ళి అక్కడ ఒంటరిగా స్లైడ్లు చదవాలి. నెగ్గనివాళ్ళు పాత ఆసుపత్రిలో పాత పనికే పోవాలి. నింపాదికి ఆ పాత పని అంటే సీసాలు కడగడం, రక్తం గొట్టాలకి చీటీలు అంటించడం. ఆ ల్యాబు ఎప్పుడొస్తుందా అని కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తోంది.

“మా ఊరి నుంచి శాంపిలు ఇక్కడికి చేరేసరికి ఐసు కరిగి నీళ్ళవుతుంది మేడమ్. డబ్బా తెరిస్తే వాసన. మా ఊళ్ళోనే చూడగలిగితే బాగుంటుంది” అని ఒక్కసారే చెప్పింది.

పని చెప్పుకోడానికి తేలికే. చచ్చిన కుక్క తలలోంచి మెదడు తీసి, అడుగునున్న మెదడు కాండాన్ని అడ్డంగా కోసి, రెండు వైపుల నుంచీ ముక్క తీసుకోవాలి. చిన్నమెదడులోంచి ఇంకో ముక్క. వాటిని గాజు స్లైడు మీద పల్చగా అద్ది, అసిటోన్‌లో ముంచి, ఆరబెట్టి, రంగు వెయ్యాలి. రేబిస్ సూక్ష్మజీవి ఉంటే ఆ రంగు దాన్ని పట్టుకుని వదలదు. లేకపోతే కడిగినప్పుడు కొట్టుకుపోతుంది. నీలం దీపం కింద పెట్టి చూస్తే ఉన్నచోట లేత ఆకుపచ్చ నలుసులు మెరుస్తాయి. లేనిచోట ఉత్త చీకటి. అయితే ఆ చీకటిలోనూ పసుపుపచ్చ మసకలు, మరకలు నానారకాలుగా మెరిసి మనిషిని బోల్తా కొట్టిస్తాయి. పనంతా అక్కడే ఉంది.

“కరిచిన కుక్కలో రోగం ఉందని చెప్తే ఎవడూ చావడు. వాడు సూదులు మానకుండా వేయించుకుంటాడు. లేదు అని చెప్పేటప్పుడే ఒళ్ళు దగ్గర పెట్టుకోవాలి. మనం లేదన్న క్షణం వాడు ఆసుపత్రి గడప తొక్కడు” అనేది మేడమ్. పరీక్షకి వచ్చిన ప్రతి కుక్క వెనకా ఒక మనిషి ఉంటాడన్న సంగతి ఆమెని ఇంటిదాకా వెంటాడేది.

కొత్తవాళ్ళ చేతికి ఆ దీపం వదలడం ఆమెకి ఇష్టం లేదు. అందుకని ప్రతి స్లైడూ ముందు తనే పెట్టి, సరిచేసి, చూసి, అప్పుడు లేచి స్టూలు ఇచ్చేది. తను చూసింది పైకి చెప్పేది కాదు. అది నియమం. ఇద్దరు వేరువేరుగా చూడాలి, ఇద్దరి మాటా కలవాలి. ఈ నియమం తన ల్యాబులో పొల్లుపోకుండా నడుస్తోందని ఆమెకి మహా గర్వం. ఆమె తర్వాత స్లైడు చదివే పాత టెక్నీషియన్‌ని అందరూ బాబాయ్ అంటారు. ఆయనకీ ఆమెకీ ఇన్నేళ్ళలో ఒక్క తేడా రాలేదు.

ఆమె స్లైడు పెట్టింది. చూసింది. కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని ఉత్తి కళ్ళతో ఇంకోసారి చూసుకుని లేచింది. మెరుపు కూర్చున్నాడు.

“ఉంది మేడమ్!”

ఇంకోటి పెట్టింది. చూసి లేచింది.

“లేదు మేడమ్.”

“అదీ!” అని మేడమ్ వాడి భుజం తట్టింది. నింపాది వంతు వచ్చేసరికి మళ్ళీ అదే తంతు. మేడమ్ లేవగానే ఆమె తల వంచుకుని వచ్చేది, స్టూలు గోడవైపు తిప్పేది, ఓ మూల నుంచి రెండో మూలదాకా స్లైడంతా దున్నినట్టు వరసగా చూసుకుంటూ పోయేది. ఈలోపు మెరుపు బయటికెళ్ళి టీ తాగి వచ్చేవాడు.

పరీక్ష రోజున మేడమ్ పాత నమూనాలు తీసి, తనే స్లైడ్లు చేసింది. ఏది ఏమిటో తనకి మాత్రమే తెలిసేలా అంకెలు వేసింది. ఎప్పటిలాగే ఒక్కోటీ ముందు తనే పెట్టి, చూసి, స్టూలు ఇచ్చింది. మెరుపు అన్నీ చకచకా చెప్పేశాడు. ఒక్కటీ తప్పు పోలేదు. నింపాది మాత్రం రెండు స్లైడ్ల దగ్గర ఆగిపోయింది.

“చెప్పలేను మేడమ్.”

“చెప్పలేను అంటే?”

“ఉందనీ అనలేను, లేదనీ అనలేను.”

“ఇక్కడ రెండే మాటలమ్మా. ఉంది, లేదు. ఇన్నాళ్ళు నేర్పింది ఇదేనా? రేపు నీ ముందు ఎవడో కరిపించుకున్నవాడు వచ్చి నిలబడితే వాడికీ ఇదే చెప్తావా?”

నింపాది చేతి తొడుగులు విప్పి, వాటిని లోపలివైపు బయటికి తిరిగేలా జాగ్రత్తగా ఒకదానిలో ఒకటి దూర్చి, డబ్బాలో వేసింది. చేతులు కడుక్కుంది. ఆ కడుక్కోవడం కూడా నింపాదిగానే సాగింది. మేడమ్‌కి జాలి వెయ్యకపోలేదు. కానీ జాలిపడి పంపిస్తే అక్కడ ఎవరి ప్రాణం మీదికి వస్తుందో! ఆ రెండు స్లైడ్లూ రోగం లేని కుక్కవి. మెరుపు టక్కున చెప్పాడు. ఈమె కళ్ళకే సరిగ్గా ఆనలేదు, అంతే. ఎవరు నెగ్గారో తేల్చే పెద్దసారు ఫోన్ చేసినప్పుడు, “కుర్రాడు బంగారం సార్. ఆవిడ విషయం రేపు చెప్తాను. కష్టమే” అంది.

ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే అత్తగారు హాల్లోంచే, “ఇవాళ ఏదో దొరికినట్టుందే?” అంది.

మేడమ్ ఉలిక్కిపడింది. నిజమే. వచ్చేముందు ఊరి చివర నుంచి తెచ్చిన కుక్క మెదడులో రోగం కనిపించింది. ఇంటికి ఫోన్ చేసి చెప్పిందేమీ లేదు.

“మీకెవరు చెప్పారత్తయ్యా?”

“ఒకరు చెప్పాలా ఏంటి? దొరికిన రోజు కళ్ళద్దాలు నెత్తినేసుకుని వస్తావు. అవి నెత్తిన ఉన్నట్టు మర్చిపోయి ఇల్లంతా వెతికిస్తావు. లేని రోజు ముక్కుమీదే ఉంటాయి. మీ ఆయనక్కూడా తెలుసు. నువ్వు గుమ్మంలోకి రాగానే నెత్తి చూసి, అన్నం తినేదాకా నిన్ను ఎక్కువగా కదిలించకూడదని మాలో మేమే అనుకుంటాం.” అత్తగారు నవ్వుతూ బఠాణీలు ఒలుచుకుంటోంది.

మేడమ్ నెత్తి తడుముకుంది. కళ్ళద్దాలు చేతికి తగిలాయి. తీసి చూసుకుంది, ఎవరివో అన్నట్టు. ముందు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఉండగానే గుండెల్లో రాయి పడింది.

స్టూలు గోడవైపు తిప్పుకున్న మనిషి కళ్ళముందు మెదిలింది. మీరు కాసేపు బయట ఉంటారా మేడమ్.

“ఏమైందే? ముఖం అలా పెట్టావు?” అంది అత్తగారు.

“ఏం లేదత్తయ్యా” అని కళ్ళద్దాలు మడిచి బల్ల మీద పెట్టేసింది.

మర్నాడు ఎవరూ రాకముందే ల్యాబుకి వెళ్ళింది. నిన్నటి స్లైడ్లే తీసి, పాత అంకెలు తుడిచి, కొత్త అంకెలు వేసింది. ఇలా చెయ్యడం మెరుపు మీద దొంగతనం మోపడమేనేమో అనిపించి కొంతసేపు ఆగింది. అయినా చేసింది. మెరుపు ఈల వేసుకుంటూ వచ్చాడు.

“ఇంకోసారి చూద్దాం రా. నిన్న తొందరలో అయింది” అంది.

మొదటి స్లైడు పెట్టింది. రోగం లేని శుభ్రమైన స్లైడు. ఆమె ఒకసారి చూసి, కళ్ళద్దాలు నెత్తిమీదికి తోసుకుని, ఇంకోసారి చూసి లేచింది. ఎన్నో ఏళ్ళుగా తనకి తెలియకుండా చేస్తున్న పనిని తెలిసి చెయ్యడం ఎంత కష్టమో అప్పుడు తెలిసింది.

మెరుపు కూర్చున్నాడు. చూశాడు. మైక్రోస్కోపు చక్రం ఒకసారి తిప్పాడు.

“ఉంది మేడమ్. తక్కువే గానీ ఉంది.”

ఆమె రెండోది పెట్టింది. దాంట్లో రోగం ఉంది, పల్చగా. కళ్ళద్దాలు ముక్కుమీదికి దించుకుని లేచింది.

“లేదు మేడమ్.”

ఆమె గదిలో దీపం వేసింది. మెరుపు కళ్ళు చిట్లించి ఆమె ముఖంలోకి చూశాడు. ఆ ముఖంలో ఏం చదివాడో గానీ వాడి నవ్వు ఎగిరిపోయింది.

“నువ్వు స్లైడు చూస్తున్నావా, నన్ను చూస్తున్నావా?” అంది.

“కావాలని కాదు మేడమ్” అన్నాడు. “ఒట్టు. మొదటి రోజు నుంచీ మీరు అద్దాలు పైకి పెట్టుకుంటే నాకు ఆకుపచ్చగా కనిపించేది. నిజంగానే కనిపించేది. ఇప్పుడు కూడా కనిపించింది.”

వాడు అబద్ధం చెప్పి ఉంటే బాగుండేది. అబద్ధాన్ని పట్టుకుని చెవి మెలిపెట్టొచ్చు. నిజంగా కనిపించేదంటే ఏం చెయ్యాలి?

వరండాలో బాబాయ్ ఎదురయ్యాడు. పాతికేళ్ళ అనుభవం ఉన్నవాడు, ఆమె పెట్టిన స్లైడు ఆమె తర్వాత చూసేవాడు.

“బాబాయ్, మనిద్దరికీ ఎప్పుడైనా తేడా వచ్చిందా?”

“భలే అడిగారు! ఒక్కసారి కూడా లేదు మేడమ్” అన్నాడాయన ఛాతీ విరిచి.

ఎప్పుడూ ఆ మాట విని మురిసిపోయే ఆమె ఇవాళ లెక్క వేసుకుంది. రెండు జతల కళ్ళు అనుకున్నది ఒకటే జత అయితే, ఇన్నాళ్ళూ ఈ ల్యాబులోంచి ‘లేదు’ అని బయటికి వెళ్ళిన మాటలన్నీ ఒక్క మనిషి చెప్పినవే. ఆ మనిషి ఏ రోజు ఎంత అలిసి ఉందో, ఏం ఆలోచిస్తూ ఉందో ఎవరికి తెలుసు? లేదని విని సూదులు మానేసినవాళ్ళు ఎక్కడున్నారో, ఎలా ఉన్నారో! భయం వేసింది. పైకి చెప్పుకోలేనంత భయం.

నింపాది లోపల జాడీలు సర్దుతోంది. ఒక్కో నమూనాకి ఒక్కో జాడీ, ఒకదాని నీళ్ళు ఇంకోదానిలో పడకుండా. మేడమ్ వెళ్ళి ఆమె ఎదురుగా నిలబడింది.

“నన్ను బయటికి వెళ్ళమన్నావు. ఎందుకు?”

నింపాది చేతిలో జాడీ కింద పెట్టింది. “మీకు తెలిసిపోయిందా మేడమ్?”

“చెప్పొచ్చుగా!”

“ఎలా చెప్పను? ఆ మాత్రానికే ఒంటికాలి మీద లేచారు.” అనేసి, అన్నందుకు తనే గతుక్కుమంది. తర్వాత గొంతు తగ్గించి, “మొదటి రోజు నాక్కూడా మీ అద్దాలు చూశాకే కనిపించింది మేడమ్. అక్కడ ఏమీ లేకపోయినా కనిపించేదేమో అనిపించింది. మా ఊళ్ళో మీరుండరుగా. అందుకే మిమ్మల్ని చూడకూడదని గోడవైపు తిరిగాను” అంది.

మేడమ్‌కి సిగ్గుతో ముఖం వేడెక్కింది. ఆ సిగ్గు ఇంకా తీరకముందే మరో అనుమానం పుట్టింది. మెరుపు తనని చూసి చదివాడు సరే. మరి తను? నిన్నటి స్లైడ్లు చేసింది తనే, అంకెలు వేసింది తనే. కంటిగొట్టంలో కన్ను పెట్టకముందే జవాబు తనకి తెలుసు.

“ఆ స్లైడ్లు నువ్వు కలిపెయ్యి. ఏది ఏదో నాక్కూడా తెలీకూడదు. చెప్పలేనన్నవి కూడా వాటిలో ఉండాలి. కలిపి, తలుపేసి, బయటికెళ్ళు” అంది.

ఒంటరిగా చీకట్లో కూర్చుంటే, ఉద్యోగంలో చేరిన తొలిరోజులప్పటి దడ మళ్ళీ పుట్టింది. ఒకటి చూసింది, ఉంది. ఇంకోటి చూసింది, లేదు. తర్వాతది పెట్టింది. పసుపు మసక. కణాల అంచులు చెదిరిపోయి ఉన్నాయి. ఎక్కడో మిణుకుమంటున్నట్టే ఉంది, దగ్గరికి తెచ్చుకుంటే లేదు. స్లైడంతా దున్నింది, నింపాది దున్నినట్టే. అప్పుడు గుర్తొచ్చింది. ఆ మధ్య కరెంటు పోయి ఫ్రీజరు కరిగినప్పుడు పాడైన మెదడు ఇది. వచ్చిన కొత్తలో రోగం లేదు కాబట్టి ఇప్పుడూ లేదని తనే రాసి పెట్టుకుంది. ఇలా చెడిపోయినదాంట్లో ఏమీ కనిపించకపోతే, దాన్ని లేదు అనకూడదు. ఈ మాట శిక్షణ మొదటి గంటలో తనే చెప్పింది.

బయటికి వచ్చి, “ఇది నేను కూడా చెప్పలేను” అంది. నింపాది ఆ స్లైడు తీసుకుని పక్కన పెట్టింది.

మధ్యాహ్నం పాలవాడు వచ్చాడు. పిక్కకి కట్టు కట్టించుకుని కుంటుతూ నడుస్తున్నాడు. తన గుమ్మం ముందు పడుకునే కుక్కే కరిచి, తర్వాత చచ్చిపోయిందట. దాని తల ఐసు డబ్బాలో పొద్దున్నే చేరింది. సూదులు మొదలుపెట్టారు గానీ ఆసుపత్రికి తిరగాలంటే పాల పని చెడుతోందని అతని బాధ.

“ఉందా లేదా చెప్పెయ్యండమ్మా. లేదంటే ఈ సూదుల గోల వదిలించుకుంటాను.”

స్లైడ్లు మెరుపు చేశాడు. మేడమ్ తలుపేసుకుని ఒక్కతే చూసింది. కళ్ళద్దాలు తీసి కోటు జేబులో పెట్టుకుంది. ఎంత వెతికినా ఆకుపచ్చ కనిపించలేదు. నిన్నటి మేడమ్ అయితే లేదని లేచిపోయేది. కానీ అద్దిన పొర మందంగా ఉంది, కింద ఏముందో తెలియడం లేదు. చీటీ మీద ఒక మాట రాసి, మడిచి, బల్ల మీద పెట్టి బయటికొచ్చింది. నింపాది లోపలికి వెళ్ళేటప్పుడు మేడమ్ ముఖం తిప్పుకుని కిటికీలోంచి సైకిళ్ళ షెడ్డు కేసి చూస్తూ నిలబడింది.

ఎంతసేపటికీ తలుపు తెరుచుకోలేదు. ఇన్నాళ్ళూ ఈ ఆలస్యానికే కదా పళ్ళు కొరికింది! తలుపు తెరుచుకున్నాక ఇద్దరూ చీటీలు పక్కపక్కన విప్పారు. రెండిట్లోనూ ఒకటే మాట. చెప్పలేను.

“మళ్ళీ చేద్దాం” అంది మేడమ్. “కాండం రెండు వైపులా. పల్చగా.”

ఈసారి నింపాది కోసింది, మేడమ్ అద్దింది. రంగు పట్టేదాకా ఇద్దరూ ఒకే బెంచీ మీద కూర్చున్నారు. పాలవాడు అటూ ఇటూ కుంటుతూ, “ఇంత పెద్ద ల్యాబు పెట్టుకుని ఇంకా తెలీలేదంటారేంటండీ?” అన్నాడు. “తెలీనప్పుడు తెలీలేదనే చెప్పాలయ్యా. నువ్వు మాత్రం సూదులు ఆపకు” అంది మేడమ్. ఆ మాట అనడం అంత కష్టమేమీ కాదని ఆమెకే ఆశ్చర్యంగా ఉంది.

ఈసారి నింపాదిని ముందు పంపింది. తర్వాత తను వెళ్ళింది. కాండం కుడివైపు స్లైడంతా చీకటి. ఎడమవైపు స్లైడులో, ఒక మూల, పిండి చల్లినంత పల్చగా ఆకుపచ్చ నలుసులు. పసుపు కాదు, మరక కాదు. ఆమె చెయ్యి తనంతట తనే ముఖం మీదికి లేచింది. అక్కడ కళ్ళద్దాలు లేవు.

చీటీలు విప్పారు. ఉంది. ఉంది. నింపాది కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇందాక లేదని రాసి ఉంటేనో మేడమ్” అంది. మేడమ్ ఆమె చెయ్యి గట్టిగా పట్టుకుంది. “పెద్దసారుకి ఫోన్ చేస్తాను. మీ ఊరి ల్యాబు నీదే. అక్కడ రెండో మనిషిని నువ్వే ఏరుకో. వాళ్ళు చూస్తున్నప్పుడు మాత్రం నువ్వు గదిలో ఉండకు.”

వరండాలో పాలవాడి పక్కన మెరుపు నిలబడి ఉన్నాడు. పొద్దుటి నుంచీ వాడు ఎవరి కంటా పడకుండా తిరుగుతున్నాడు. మేడమ్ రాగానే వాడి చూపు ఆమె నెత్తి మీదికి పోయింది. అక్కడేం లేదు. ముక్కుమీదా లేదు. చూపు దించి, దిక్కుతోచనివాడిలా, “ఏమైంది మేడమ్?” అన్నాడు.

“లోపల రెండు స్లైడ్లు ఉన్నాయి. వెళ్ళి చూడు.”

“నేనా? ఒక్కణ్ణేనా?”

“ఒక్కడివే. తలుపేసుకో. నీ మాటేంటో వచ్చి చెప్పు. తప్పు చెప్తే మళ్ళీ మొదటి నుంచి నేర్పుతాను, కానీ నువ్వు చూసిందే చెప్పు.”

వాడు లోపలికి వెళ్ళాడు. తలుపు పడింది. మేడమ్ బెంచీ మీద పాలవాడి పక్కన కూర్చుని, కుక్కకి రోగం ఉందనీ, సూదులన్నీ పూర్తిగా వేయించుకుంటే భయం లేదనీ, ఒక్కటి కూడా మానకూడదనీ నెమ్మదిగా రెండుసార్లు చెప్పింది. అతను కట్టు కేసి చూసుకుంటూ, “పాపం, మంచి కుక్కండీ” అన్నాడు. తర్వాత లేచి ఆసుపత్రికి బయల్దేరాడు.

అతను గేటు దాటి వెళ్ళిపోయాడు. నింపాది జాడీలు కడిగి బోర్లించింది. మెరుపు ఇంకా బయటికి రాలేదు.

మేడమ్ తలుపు తట్టలేదు.